సమ్మమ్మ కొలతలు

1978లో ఇంజనీరింగు మొదటి సంవత్సరం పిల్లలకు రామలింగం సారు పెట్టిన ప్రాజెక్టు ఇది: నలుగురు ఒక జట్టు కావాలి, ఒక మనిషి కష్టం వెతకాలి, ఆ కష్టం తీర్చే వస్తువు తయారు చేయాలి. జట్టంతటికీ ఒకటే మార్కు. మిగతా జట్లు కష్టాల కోసం వరంగల్ అంతా తిరుగుతుంటే, రాజేశ్వర్ రావు జట్టుకు ఆ శ్రమ తప్పింది. వాళ్లలో ఉప్పలయ్య ఉన్నాడు. ఉప్పలయ్యకు పోలియోతో రెండు కాళ్లూ పడిపోయిన చెల్లెలుంది. అంతకన్నా అదృష్టం ఏముంటుంది?

"చేతుల్తోటి తిప్పే మూడు చక్రాల బండి చేద్దాం. అయినంక అది మీ చెల్లెకే, ఫికర్ చెయ్యకు," అన్నాడు రాజేశ్వర్ రావు.

ఘన్‌పూర్‌లో ఇంటి గడప దాటాలంటే సమ్మమ్మకు అన్న వీపే దిక్కు. పెద్దపిల్లయ్యాక అదీ మానేసింది. నలుగురు చూస్తారంటే ఆమెకు చచ్చేంత సిగ్గు. అలాంటి పిల్ల బండి మాట వినగానే ఒప్పుకుంది. ముగ్గురు పరాయి మగపిల్లలు టేపు పట్టి తన చేతులు, నడుము, చచ్చుబడ్డ కాళ్లు కొలుస్తుంటే కళ్లు మూసుకుని కూర్చుంది. వాళ్లు కర్రను కొలిచినట్టే కొలిచారు. "ఎడమది ఇంకా సన్నగున్నది," అని ఒకడు నవ్వాడు కూడా. ఉప్పలయ్య తల వంచుకుని అంకెలు రాసుకున్నాడు.

ప్రాజెక్టు పరీక్షకు ముందురోజు రాజేశ్వర్ రావు అతన్ని వర్క్‌షాపు వెనక్కి తీసుకెళ్లాడు.

"చక్రాలు, చైను, బేరింగులు కాలేజీ స్టోరువట. రేపు చూపిచ్చుడు కాంగనే విప్పి జమ చెయ్యాల్నన్నడు సారు."

"మరి మా చెల్లె?"

"అయ్యేదాంక చెప్పకు. ఆమె ఏడ్సిందంటే మన మార్కులు మట్టిల కలుస్తయ్. నీకు స్కాలర్‌షిప్ ఉండాల్నా, వద్దా?"

ఉప్పలయ్య లోపలికి వెళ్లి బండి చైనుకు నూనె పెట్టాడు.

మర్నాడు ఘన్‌పూర్‌లో, బండి కోసం మళ్లీ వీపెక్కిన చెల్లెల్ని మోసుకుని ప్యాసింజర్ ఎక్కాడు. పెండ్యాలలో చెప్పొచ్చు. కాజీపేటలో దిగేటప్పుడు చెప్పొచ్చు. పిరికితనానికి ప్రతి స్టేషనూ తర్వాతి స్టేషనే.

"అన్నా, వచ్చేటప్పుడు నా బండిని రైల్ల ఎక్కనిస్తరా?"

"ఆఁ, ఎక్కనిస్తరు."

కాలేజీ మైదానంలో అందరూ చూస్తుండగా సమ్మమ్మ బండిలో కూర్చుంది. పిడులు తిప్పింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఎవరి వీపూ అడగకుండా ముందుకు కదిలింది. ఆ చివరిదాకా పోయి తిరిగొచ్చింది. మళ్లీ పోయింది. సిగ్గంతా ఎటుపోయిందో, పగలబడి నవ్వుతోంది. రామలింగం సారు చప్పట్లు కొట్టి, ఈ జట్టుదే ఫస్టు అన్నాడు. తర్వాత గడియారం చూసుకున్నాడు.

"ఇగ దిగమను."

"దిగుడెందుకు సారూ? గిట్లనే టేషన్‌కు పోత," అంది సమ్మమ్మ.

కుర్రాళ్లు కిసుక్కున నవ్వారు. రాజేశ్వర్ రావు అప్పటికే పానా పట్టుకుని చక్రం దగ్గర కూర్చున్నాడు. "ఉప్పలయ్యా, నీ చెల్లెను నువ్వే దించు."

ఉప్పలయ్య వంగాడు. "బండి కాలేజీదట, సమ్మీ. ఇయ్యరట."

ఆమె నవ్వు ఆగిపోయింది. "నీకెప్పుడు తెల్సింది?"

అతను ఆమె చంకల కింద చేతులు పెట్టాడు.

"రైల్ల అడిగినప్పుడు తెల్సా, అన్నా?"

ఉప్పలయ్య ఆమె వేళ్లను పిడుల మీంచి ఒక్కొక్కటే ఊడదీశాడు. ఎత్తి కింద కూర్చోబెట్టి, ఎక్కమని వీపు చూపించాడు.

"నీ వీపు నాకొద్దు."

ఎవరి చూపులకు భయపడి ఇన్నాళ్లూ ఇంట్లోనే ఉండిపోయిందో, ఆ చూపుల మధ్యనే, రెండు చేతులూ మట్టిలో ఆనించి, కాళ్లు ఈడ్చుకుంటూ గేటు వైపు కదిలింది.

రాజేశ్వర్ రావు చక్రం ఊడదీస్తున్నాడు. "అరే ఉప్పలయ్యా, జర గీ నట్లు పట్టుకో. పోతే మనమే కట్టాలె."

ఉప్పలయ్య చెయ్యి చాపాడు.