బావమరిదికిచ్చిన ఓవరు

నేను ఒక మైకును. చేత్తో పట్టుకునే రకం, వెనక పొడుగాటి వైరు, నెత్తిన ఇనుప జల్లెడ. పదకొండేళ్లుగా ఎవడి నోటికి ఏదొస్తే అది నా గొంతుతో పలుకుతూ వచ్చాను. మీరు తిట్టిన ప్రతి తిట్టూ ముందు నా మొహాన పడింది, తుంపర్లతో సహా. కాబట్టి నేను మర్యాదగా మాట్లాడతానని ఆశ పెట్టుకోకండి. నాకు మీ మీద చాలా కోపంగా ఉంది.

ఎక్కడో ఉత్తరాదిన, ఒక రేకుల షెడ్డులో నన్ను బిగించారు. నా లోపల ఉల్లిపొర లాంటి పలుచని పొర ఒకటి ఉంటుంది. మాట తగిలితే వణికేది అదే. దాన్ని అమర్చిన ఆడమనిషి ఊపిరి బిగబట్టి, పెదవులు అదిమిపెట్టి అమర్చింది. నా ముందు నోరు మూసుకుని కూర్చున్న మనిషిని మళ్లీ ఇంతవరకు చూడలేదు.

హైదరాబాద్ కోఠిలో ఒక దుకాణంలో ఓదెలు నన్ను కొన్నాడు. ఆయనది బొగ్గుగనుల కాలనీ. అక్కడ ఆయన పేరు మీద ‘ఓదెలు సౌండ్స్’ అని చిన్న షెడ్డు ఉంది. పెళ్లిళ్లకు పోయాను, పుట్టువెంట్రుకలకు పోయాను, ఎన్నికలప్పుడు ఆటో ఎక్కి మూడు పార్టీలకూ ఓట్లడిగాను. ఎవరి అబద్ధం వాళ్లది, నాకేం బాధ లేదు. భోజనాల దగ్గర ‘పెరుగు అయిపోయింది, సర్దుకోండి’ అని చెప్పినప్పుడు కూడా జనం నన్ను క్షమించారు. నాకు మనుషుల మీద విరక్తి పుట్టింది ఆట దగ్గరే.

కాలనీలో ప్రతి వేసవిలో కార్మిక కప్పు జరుగుతుంది. టెన్నిస్ బంతితో క్రికెట్టు, పన్నెండు ఓవర్లు, ఒక్కో బౌలరుకు మూడు. కామెంటరీ చెప్పేది రాజేశం. గని ఆఫీసులో హాజరు గుమస్తా. ఆయనకు నేనంటే ప్రాణం. నన్ను పట్టుకుంటే అన్నం కూడా మరిచిపోతాడు. ఒక బంతికి బ్యాట్స్‌మన్‌ను ‘మన కాలనీ పులి’ అంటాడు, మరుసటి బంతికి వాడు అవుటైతే ‘ఈనకు బ్యాటెవరు ఇచ్చిండ్రు?’ అంటాడు. మధ్యలో ఉన్నది అర నిమిషం. ఆ అర నిమిషంలో ఆ కుర్రవాడి ఆటలో ఏం మారిందో నాకు ఇప్పటికీ తెలియదు.

జనం ఆయన కన్నా ఘనులు. పందిరి కింద ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, ఒక పాదం కుర్చీ మీద పెట్టుకుని, శనగలు నములుతూ తీర్పులిస్తారు. రెండు మెట్లెక్కితే ఆయాసపడే మనిషి ‘పరుగు తీయడానికి బద్ధకం వానికి’ అంటాడు. దేశం జట్టు ఫైనల్ ఆడినప్పుడు ఇదే మైదానంలో తెర కట్టారు. టాసు గెలిచి బ్యాటింగ్ తీసుకున్నందుకు ‘దమ్మున్న కెప్టెన్’ అని ఈలలేశారు. ఓడిపోయాక, అదే బ్యాటింగ్ తీసుకున్నందుకు ఆ కెప్టెన్‌ను ఇంటికి పంపాలన్నారు. అదే నోళ్లు. నాకు గుర్తుంది, ఎవరి నోటి వాసన ఏదో కూడా గుర్తుంది.

ఇక్కడ ఫుట్‌బాల్ జట్టు కూడా ఉండేది. గోల్‌కీపర్ రాయమల్లు కాళ్ల మధ్య నుంచి ఒక్కసారి బంతి పోయింది. అంతకుముందు ఆయన ఆపినవి ఎన్నో ఎవరూ చెప్పరు. ఆ పోయినదాన్ని మాత్రం చెప్తారు. ఇప్పుడు ఆయన మనవరాలికి పెళ్లయింది. ఆ పెళ్లి పందిట్లో కూడా ఒకడు నన్ను పట్టుకుని ఆ సంగతే ఎత్తి నవ్వించాడు. రాయమల్లు కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి నా లోపలి పొర చిరిగిపోతే బాగుండునని అనుకున్నాను.

ఈ కాలనీలో ఒక ఆచారం ఉంది. ఫైనల్ అయ్యాక మైకు జనానిది. ఎవరైనా వచ్చి ‘రెండు ముక్కలు’ మాట్లాడవచ్చు. గెలిస్తే పొగడ్తలు, ఓడితే శవపరీక్ష. ఎవరు ఎంతసేపు మాట్లాడినా రెండు ముక్కలే అంటారు. ఈ రెండు ముక్కలే ఒక మనిషిని ముక్కలు చేశాయి.

ఆ మనిషి సదానందం. అందరికీ సదన్న. గనిలో కార్మికుడు, షిఫ్టు దిగి బొగ్గు మొహంతోనే నెట్స్‌కు వచ్చేవాడు. ముళ్లకంప పెరిగిన ఈ స్థలాన్ని గడ్డపార పట్టి మైదానం చేసింది ఆయనే. తొమ్మిదేళ్లు కెప్టెన్. నాలుగుసార్లు కప్పు తెచ్చాడు. తెచ్చినప్పుడల్లా భుజాల మీద మోసి, నా వైరు తెగేదాకా గంతులేసి, ‘సదన్న లేకపోతే కాలనీ లేదు’ అన్నారు. ఆయనకు మేడలూ మాన్యాలూ లేవు. ఉన్నదల్లా ఆ జట్టు, ఆ జట్టులో ఆయన మాటకున్న విలువ. దాని కోసమే బతికాడంటే ఎక్కువ చెప్పినట్టు కాదు.

నిరుటి ఫైనల్ పక్క గని కాలనీతో. మనవాళ్లు ముందు బ్యాటింగ్ చేసి నూట నాలుగు కొట్టారు. తిరుమలేష్ అనే కుర్రవాడు మన జట్టుకు పెద్ద దిక్కు, అతని బంతి కళ్లకు ఆనదు. రెండు ఓవర్లేసి మూడు వికెట్లు తీశాడు. మూడో ఓవరును ఆఖరుకు దాచారు. ఎనిమిది ఓవర్లయ్యాక నీళ్ల కోసం ఆట ఆపితే రాజేశం టీ తాగడానికి లేచాడు. నన్ను ఆపేసి బల్ల మీద పడేశారు. ఆ పందిరి వెనక్కి తిరుమలేష్ వచ్చాడు, వెనకే సదానందం.

“అన్నా, భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేస్తలేదు.”

“ఎప్పటిసంది?”

“రెండో ఓవర్ల నుంచే. గురువారం నాకు కానిస్టేబుల్ కొలువుకు ఈవెంట్లున్నయి గదా. షాట్‌పుట్ ఎయ్యాలె.”

సదానందం ఆ భుజం మీద వేలు పెట్టి నొక్కాడు. కుర్రవాడు పళ్లు బిగించాడు.

“అయితే ఇగ నువ్వు ఎయ్యకు.”

“ఎయ్యకపోతే జనం బతకనియ్యరే. కొలువు కోసం కప్పు ఇడ్సిపెట్టిండంటరు. మా నాయినను బజార్ల తలెత్తనియ్యరు. ఎట్లనో ఏస్త తియ్.”

“ఎయ్యకు అంటున్న గదరా. నీ పేరు రానియ్య. నాకే ఇయ్యబుద్ధి కాలేదని చెప్త. కప్పు మళ్లేడు వస్తది, గీ నోటిఫికేషన్ వస్తదా?”

ఆ మాట విన్నది నేనొక్కదాన్నే. అదే నా కర్మ.

ఆఖరి ఓవరుకు పక్క కాలనీకి పదకొండు పరుగులు కావాలి. మిగతా బౌలర్ల కోటా అయిపోయింది. ఓవరు మిగిలినవాడు తిరుమలేష్ కాక వేణు ఒక్కడే. వేణు సదానందం భార్య స్వరూపకు తమ్ముడు. పెద్ద బౌలరు కాడు గానీ బంతి తిన్నగా వేస్తాడు. సదానందం బంతి అతని చేతిలో పెట్టాడు. వేణు మొదటి ఐదు బంతులకు ఎనిమిదే ఇచ్చాడు, ఒక వికెట్ కూడా తీశాడు. ఆఖరి బంతికి మూడు కావాలి. బ్యాటు అంచుకు తగిలి వెనక నుంచి ఫోర్ పోయింది. గుడ్డిగా ఊపిన బ్యాటు అది. దాన్ని ఆపగలిగే ఫీల్డరు భూమ్మీద లేడు.

రాజేశం నన్ను నోటికి ఆనించుకున్నాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి, ఆ సంగతి నేను దాచను. ఆయన ఒక్క మాటన్నాడు. “చూసిండ్రా, బావమర్దికిచ్చిండు.”

అంతే. వెయ్యి మంది ఆ మాటను అందుకున్నారు. ఆ మాట నా గొంతులోంచి పోయింది. నాలుగు హారన్ స్పీకర్లలోంచి, కాలనీ చివరి క్వార్టర్ దాకా పోయింది. నన్ను నేను ఎన్నిసార్లు అసహ్యించుకున్నానో మీకు తెలియదు.

ఆపైన రెండు ముక్కలు. ఒకడు వచ్చి, ఇంటోళ్లను పైకి తెద్దామని కాలనీ పరువు తీసిండన్నాడు. ఇంకొకడు, సదన్న ముసలోడైపోయిండు, నేను రెండేళ్ల సంది చెప్తనే ఉన్న అన్నాడు. అబద్ధం. ముందటి ఏడాది సదన్నకు దండ వేసింది వాడే, నా ఎదురుగా. మూడోవాడు స్వరూప పేరెత్తాడు. ఇంట్లో ఎవరి మాట నడుస్తదో ఇప్పుడు తెలిసిందన్నాడు. అందరూ నవ్వారు. ఒక ఆడమనిషి, ఆటతో ఏ సంబంధమూ లేని మనిషి, ఆ గుంపులో తల దించుకుని నడిచిపోతుంటే నవ్వారు. ఇరవై ముగ్గురు మాట్లాడారు. వాళ్లలో బంతి వేసిన అనుభవం ఉన్నవాళ్లు ఇద్దరు.

చివరకు నన్ను సదానందం చేతికిచ్చారు. నేను లోలోపల అరిచాను, చెప్పు మహానుభావా, ఒక్క వాక్యం చెప్పు, చాలు. ఎదురుగా తిరుమలేష్ కూర్చుని గడ్డి పీకుతున్నాడు. సదానందం అతని వైపు కూడా చూడలేదు.

“ఓవర్ నేనే ఇచ్చిన. తప్పు నాదే. అవతలోళ్లు మంచిగ ఆడిండ్రు, వాళ్లకు చప్పట్లు కొట్టుండ్రి.”

ఒక్కడు కొట్టలేదు.

మర్నాడు పొద్దున ఆయన క్వార్టర్ గేటుకు ఒక స్టంపు కట్టి ఉంది. దానికి చెప్పుల దండ. వారంలో కమిటీ కూర్చుని కెప్టెన్సీ తీసేసింది. అంతటితో ఆగలేదు. నెట్స్‌కు కూడా రావద్దంది. వేణు సంచి సర్దుకుని వాళ్ల ఊరికి వెళ్లిపోయాడు, మళ్లీ బంతి పట్టలేదట. నల్లా దగ్గర స్వరూప బిందెతో నిలబడితే ‘ముందు తమ్మునికి నింపుకో’ అని ఎవరో అన్నారని ఓదెలు భార్య షెడ్డులో చెప్తుంటే విన్నాను. సదానందం షిఫ్టుకు పోయేటప్పుడు మైదానం పక్క దారి వదిలేసి, చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టాడు. తన చేత్తో చదును చేసిన నేల అది.

తొమ్మిది నెలలకు తిరుమలేష్‌కు కానిస్టేబుల్ కొలువు వచ్చింది. కాలనీ నుంచి పోలీసు కావడం మాటలా! మైదానంలోనే సన్మానం పెట్టారు. శాలువాలు, దండలు, నేను. రాజేశం నన్ను పట్టుకుని, “ఈ చెయ్యి ఆనాడు ఆఖరి ఓవర్ ఏసుంటే కప్పు మన బీరువాల ఉండేది” అన్నాడు. తరువాత తిరుమలేష్‌ను రెండు ముక్కలు మాట్లాడమన్నారు.

అతను నన్ను రెండు చేతులతో పట్టుకున్నాడు.

“ఆ ఓవర్ నేను ఎయ్యలేకపోయిన. భుజం పట్టేసింది, ఈవెంట్లు దగ్గరున్నయి. సదన్నే నన్ను ఆపిండు. నన్ను తిడ్తరని నా పేరు రానియ్యలే. నేను భయపడి నోరు మూసుకున్న. మీరు చెప్పులు కట్టాల్సింది మా గేటుకు.”

పదకొండేళ్లలో మొదటిసారి నా గొంతు నాకు నచ్చింది. ఇప్పుడు లేస్తారు, ఇప్పుడు సదానందం ఇంటికి పరిగెత్తుతారు అనుకున్నాను. ఇంతకాలం మీతో తిరిగీ నాకు బుద్ధి రాలేదు.

వెనక వరుసలోంచి ఒకడు లేచాడు. “మరి మనకెందుకు చెప్పలే?” పక్కవాడు అందుకున్నాడు. “అవ్, గింత ముచ్చట దాచుతడా? కెప్టెన్ అన్నోడు కాలనీని నమ్మద్దా?” మూడోవాడు, ముందే చెప్తే ఇంకెవరికన్నా ఇచ్చేటోళ్లం గదా అన్నాడు. ఎవరికిస్తారో చెప్పలేదు. తిరుమలేష్‌ను మాత్రం పల్లెత్తు మాట అనలేదు. పోలీసాయన కదా. మళ్లీ పడింది సదానందం మీదే. నన్ను తిరిగి తీసుకున్న రాజేశం ఒక్క క్షణం ఆగాడు. తప్పు నాది అనడానికి ఆ క్షణం సరిపోయేది. “సరే, అయిపోయిన ముచ్చట” అన్నాడు ఆయన, “గానీ జనానికి చెప్పి చేస్తే మంచిగుండు.” చప్పట్లు మోగాయి.

ఆ వేళ సదానందానిది మొదటి షిఫ్టు. నా కేక రెండు కాలనీల అవతలికి పోతుంది. భూమి లోపలికి పోదు. నిజం బయటపడ్డ గడియలో ఆయన నేల కింద ఎక్కడో బొగ్గు తీస్తున్నాడు.

ఇప్పుడు వైరు లేని మైకులొచ్చాయి. నన్ను ఓదెలు పాత అట్టపెట్టెలో, పాడైన హారన్ల మధ్య పడేశాడు. ఇనుప జల్లెడ తుప్పు పట్టింది. హాయిగా ఉంది. కానీ ఆ సన్మానం నాటి సాయంత్రాన్ని మాత్రం మరవలేను.

మూడున్నరకు ఓదెలు వైరు చుడుతున్నాడు. తిరుమలేష్ మాట ఎవరో గని గేటు దగ్గరే చేరవేశారేమో, సదానందం చాలా నెలల తరువాత మైదానం పక్క దారిలో బండి మీద వచ్చాడు. టీ కొట్టు ముందున్న నలుగురు ఆపారు.

“ఏందే సదన్నా, మాకొక్క మాట చెప్పకపోతివి. ఉత్తగనే మాతోని తిట్టిపిచ్చుకుంటివి.”

సదానందం వాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూశాడు. “తిరుమలేష్‌ను ఏమన్న అన్నరా?” అని అడిగాడు.

“ఆయననేమంటమే, పోలీసాయె.”

“మంచిది” అని బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు.

బండి మలుపు తిరగకముందే నలుగురిలో ఒకడు టీ గ్లాసు కింద పెట్టాడు. “చూసినవా, ఎంత పొగరో.”

ఆ మాట నా గుండా పోలేదు. మైకు లేకుండానే చీకటి పడేలోపు కాలనీ అంతటికీ వినపడింది.