మెత్తచేతి మాస్టరుకి సూది పరీక్ష

ముప్పై ఏళ్లు సూదితో బతికిన టైలరు సూదికి భయపడ్డాడంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వితే నవ్వండి, మెత్తచేతి మాస్టరు మాత్రం నరాల క్లినిక్కులో బల్ల మీద పడుకుని నిజంగానే వణికిపోతున్నాడు. ఎడమచేతి చిటికెన వేలూ, ఉంగరపు వేలూ మొద్దుబారి మూడు నెలలైంది. మిషను కింద గుడ్డను నడిపించేది ఆ చెయ్యే. పోయిన వారం ఒక కోటు భుజం దగ్గర కుట్టు వంకరపోయేసరికి ఇంట్లో పంచాయితీ పెట్టారు. "నరం చచ్చిందని తేలితే షాపు మూసేద్దాం నాన్నా," అన్నాడు కొడుకు. భార్య కూడా సరేనంది. ఆమె సరేననడం మాస్టరుకి ఇంకా మింగుడుపడలేదు.

టెక్నీషియను ఆ చెయ్యి పట్టుకోగానే ముక్కు చిట్లించాడు. "ఏం రాశారండీ దీనికి?"

"నొప్పుల బామ్. సీసా సగం పట్టించాను," అంది భార్య దర్జాగా.

జిడ్డు మీద స్టిక్కర్లు అతుక్కోవట. రెండుసార్లు సబ్బుతో కడిగించాడు. చెయ్యి చల్లగా ఉంటే లెక్క తప్పు వస్తుందని వేణ్నీళ్ల సంచీ పెట్టి కాసేపు వెచ్చబరిచాడు. "చిన్న కరెంటు టప్పుమని కొడుతుంది, వేలు దానంతటదే ఎగురుతుంది, కంగారు పడకండి," అని చెప్పి మరీ కొట్టాడు. మణికట్టు దగ్గర, మోచేతి కింద, మోచేతి పైన. ఓర్నాయనో అనిపించింది గానీ తట్టుకోలేనిదేమీ కాదు.

తర్వాత డాక్టరమ్మ సన్నని సూదితో వచ్చింది. "ఇందులోంచి కరెంటు రాదు మాస్టారూ. కండ ఎలా పనిచేస్తోందో దీంతో వింటానంతే. గుచ్చినప్పుడు చురుక్కుమంటుంది." బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుచ్చింది; చిటికెన వేలి నరమే ఆ కండనీ ఆడిస్తుందట. సూదికి తగిలించిన యంత్రం స్పీకరులో చడీచప్పుడూ లేదు. మాస్టరు తల పైకెత్తాడు.

"చచ్చిపోయిందామ్మా?"

"వదులుగా ఉన్న కండ మాట్లాడకూడదు, అదే మంచిది. ఇప్పుడు చూపుడువేలితో నా వేలిని పక్కకి నెట్టండి."

నెట్టాడు. టిక్కు, టిక్కు అని ఊరుకుంది. "ఇంకా," అందామె. మళ్లీ టిక్కు. డాక్టరమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. అంతే, అయిపోయిందనుకున్నాడు మాస్టరు.

మూల కుర్చీలోంచి భార్య దిగ్గున లేచింది. "ఏమండీ! అది పట్టుగుడ్డ కాదు, డాక్టరమ్మ వేలు! ఈయనకి గట్టిగా నెట్టడమే రాదమ్మా. పని నేర్చుకోవడానికొచ్చిన ప్రతివాడికీ 'చెయ్యి పెట్టినట్టు గుడ్డకి తెలియకూడదు' అని ఒకటే నూరిపోత!" మొగుడి వైపు తిరిగింది. "షాపు మూసేయడానికి సరేనన్నానని నామీద కోపం ఉందిగా? అదంతా ఆ వేలి మీద చూపించండి!"

ఉంది. బోలెడంత ఉంది. మాస్టరు పళ్లు బిగించి నెట్టాడు. పెడలు తొక్కిన మిషనులా స్పీకరు టకటకా దంచేసింది, గది దద్దరిల్లిపోయింది.

"అదీ! నరం బతికే ఉంది మాస్టారూ! చాలు చాలు, నా వేలు!" అంటూ డాక్టరమ్మ నవ్వేసింది.

కరెంటు పరీక్షలో నరం మోసే కబురు నెమ్మదించింది మోచేతి దగ్గరేనట. "ఎప్పుడూ మోచెయ్యి దేనికైనా ఆనిస్తారా?" అని అడిగింది. సుద్దతో గీసేటప్పుడల్లా బల్ల అంచుకి ఎడమ మోచెయ్యి ఆనించి బరువంతా దాని మీదే వేస్తాడు. ముప్పై ఏళ్లుగా అంతే. "అది మానేయండి. నిద్రలో మోచెయ్యి మడతపడకుండా తువ్వాలు చుట్టుకోండి. తేరుకునే అవకాశం బాగా ఉంది. మూడు నెలలకి మళ్లీ చూద్దాం."

బయట వరసలో కూర్చున్న ఒకావిడ బెదురుగా అడిగింది. "బాగా నొప్పి పెడుతుందా అన్నయ్యా?"

"కొంచెం చురుక్కుమంటుంది చెల్లెమ్మా. నెట్టమన్నప్పుడు మాత్రం మొహమాటపడకు," అన్నాడు మాస్టరు, పెళ్లికొడుకులా ఛాతీ విరుచుకుని.

మెట్ల దగ్గర భార్య ఫోను తీసింది. అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చినా గొంతు మాత్రం తగ్గించలేదు. "ఒరే, మీ నాన్న నరం బతికే ఉందిరా! నాదే బుద్ధి తక్కువ, నీ మాటకి వంతపాడాను. షాపు మూసేయడమని ఇంకోసారి అన్నావంటే వీపు చితక్కొడతా. మేం ఇంటికి రావట్లేదు. నేరుగా షాపుకే వెళ్తున్నాం."