ప్లగ్గులకు బొట్టు

వనపర్తిలో ఒక దొర దగ్గర చెన్నకేశవులు డ్రైవరు. దొర కారులో ఇంజనుకు గాలిని బలంగా ఊది నింపే మర ఉంది. ఊళ్ళో బాగానే తిరిగే ఆ కారు, గోపాల్‌పేట దారిలో గట్టెక్కేటప్పుడు మాత్రం దగ్గి ఆగిపోయేది.

“ఇంకొక్కపారి ఆగితే హైదరాబాదు నుంచి వేరే డ్రైవరును పిలిపిస్త,” అన్నాడు దొర.

కేశవులు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు మార్చాడు, మళ్ళీ మార్చాడు. వాటికి కరెంటు తెచ్చే తీగలూ కొత్తవి వేశాడు. ప్రతిసారీ ప్లగ్గుల తెల్లటి పింగాణీకి తడి పసుపు రాసి, కుంకుమ పెట్టి, దండం పెట్టుకున్నాకే బండి తీశాడు. అయినా గట్టు మీద అదే దగ్గు. విసుగుతో ఒళ్ళు మండిపోయింది.

ఆ సాయంత్రం మసకచీకట్లో బానెట్ ఎత్తి ఇంజను గట్టిగా నడిపి చూస్తే, మర కుక్కిన గాలి ఒత్తిడికి నిప్పు లోపల దూకలేక పసుపు చార మీదుగా బయటే పాకుతోంది. ‘నా పూజే అడ్డమైందా స్వామీ?’ అనుకుంటూ, పసుపూ కుంకుమా అంతా తుడిచాడు.

మరునాడు కారు గట్టెక్కింది. గట్టు పైకి చేరాక దొర బానెట్ ఎత్తించి చూశాడు.

“బొట్టేదిరా? గిన్ని దినాలు పెట్టినవు గనుకనే ఇయ్యాల ఎక్కింది. రేపు మళ్ల పెట్టు.”

“అట్లనే దొరా,” అన్నాడు కేశవులు. తెల్లారి కుంకుమ ప్లగ్గులకు కాకుండా, వాటికి దూరంగా ఉన్న రేడియేటర్ మూతకు పెట్టి, ఇందులో తప్పుంటే తనదేనని స్వామికి చెప్పుకున్నాడు.