నున్నబడ్డ బెరడు

కలప కొనే షావుకారు వచ్చేలోగా మిగిలిన చెట్ల పని కూడా అయిపోవాలని వడ్రంగి చెమటలు కక్కుతున్నాడు. పక్కన కూతురు బంక డబ్బా పట్టుకుని నిలబడింది. ఇంట్లో ఆ పిల్లను గువ్వ అంటారు. పదిమందిలో నోరు విప్పగా ఎవరూ చూడలేదు కాబట్టి ఆ పేరే ఖాయమైపోయింది.

బెరడు నిండా మినపగింజంత కన్నాలు. ఎక్కడి నుంచో ఓడల్లో, సరుకు పెట్టెల చెక్కలో దాక్కుని వచ్చిందట ఈ కన్నాలు తొలిచే పురుగు. పైకి పచ్చగా నగలా మెరుస్తుంది. దాని పిల్లలు మాత్రం బెరడు కింద దూరి చెట్టు ప్రాణం తోడేస్తాయి. కన్నం కనబడిందంటే చాలు, కొనేవాళ్ళు గేటు దగ్గర నుంచే వెనక్కి తిరుగుతున్నారు. పక్క తోటలో చెట్లు అలాగే నిలువునా ఎండి, పగుళ్ళు తీసి, చివరికి పొయ్యిలోకి పోయాయి.

వడ్రంగి పెళ్ళైన ఏడాది నాటిన చెట్లివి. ఇవి అమ్మి కోత మెషిన్ కొనుక్కోవాలని, ఇంకొకరి షెడ్డులో కూలికి రంపం పట్టడం మానెయ్యాలని ఆయన ఆశ. అందుకే రంపంపొట్టులో బంక కలిపి, కన్నాల్లో కూరి, బొటనవేలితో అదిమి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్దుతున్నాడు.

"పెళ్ళికూతురికి పౌడర్ అద్దినట్టు అద్దుతున్నావేంట్రా?" అంది అరుగు మీద నుంచి నానమ్మ.

"నువ్వూరుకోవే అమ్మా."

"తెలిసిపోతే, నాన్నా?" అంది గువ్వ, తనకే వినబడీ వినబడనంత మెల్లగా.

"నా చేతి పని మీద గోరు కూడా ఆనదు. ఎలా తెలుస్తుంది?"

వ్యాను ఆగిన చప్పుడైంది. గువ్వ డబ్బాను కొంగు చాటున దాచేసింది.

షావుకారు పైకి చూడలేదు, కిందికి చూడలేదు. చెట్టు చెట్టుకీ అరచెయ్యి ఆనించి, పశువును నిమిరినట్టు నిమురుతూ నడిచాడు. గువ్వ చూపు ఆ చేతి మీద నుంచి కదల్లేదు. మొదటి వరస దాటింది. వడ్రంగి ఊపిరి వదిలాడు. రెండో వరసలో చెయ్యి ఆగింది. వెనక్కి జరిగింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"ఏం మేస్త్రీ, ఇది చెట్టా, డైనింగ్ టేబులా?"

పనిలో గరుకు మిగల్చడం వడ్రంగి చేతికి రాదు. గరుకుగా ఉండాల్సిన బెరడు మీద, పూడ్చిన చోటల్లా అద్దంలా నున్నబడి ఉంది.

"అదా... మేకు కొట్టిన గుర్తండీ. పూడ్చాను."

"మేకా!" షావుకారు చెయ్యి లాగేసుకున్నాడు. "మేకున్న దుంగ రంపానికెక్కిస్తే బ్లేడు ముక్కలవుతుందని మీకు నేను చెప్పాలా?" పక్క చెట్టు తడిమాడు. దాని పక్కది తడిమాడు. "ఇక్కడా మేకే? ఇక్కడా? తోటంతా ఫోటోలు తగిలించారా ఏంటి?"

"అది కాదండీ..."

"నాకొద్దు మేస్త్రీ. నమస్కారం."

షావుకారు వ్యాను వైపు నడిచాడు. వ్యాను తలుపు తెరుచుకుంది.

"మేకులు కావండీ!" ఆ అరుపు తనదేనని గువ్వకు ఒక క్షణం తెలియలేదు. "పురుగు. కన్నాలు మూశాం."

"గువ్వా!" అన్నాడు వడ్రంగి.

"లోపల బాగుందండీ. గాలికి పడిన చెట్టును నాన్న కోస్తుంటే చూశాను. పురుగు బెరడు కిందే తిరిగింది. లోపలి చేవ దాకా పోలేదు."

"చూపించు," అన్నాడు షావుకారు, తలుపు పట్టుకునే.

గువ్వ తండ్రి వైపు చూసింది. ఆయన కూతురి వైపు చూడలేదు. ఉలి తీసి, రెండో వరస చెట్టు దగ్గర వంగాడు. బెరడు పెళ్ళగా లేచింది. కింద వంకర టింకర దారులు, వాటి చివర తెల్లగా మెదులుతున్న పురుగు. షావుకారు పెదవి విరిచాడు. వడ్రంగి ఇంకా లోతుగా చెక్కాడు. పేళ్ళు ఎగిరాయి. తెల్లచెక్క దాటాక చేవ ముదురురంగులో, మచ్చ లేకుండా, గట్టిగా తేలింది.

షావుకారు దాన్ని గోటితో గీకాడు, వాసన చూశాడు. మొదటిసారి తలెత్తి కొమ్మల్లోకి చూశాడు.

"చిటారున ఎండినవి నాకొద్దు. మిగతావి తీసుకుంటా. ఈ వారంలోనే కొట్టాలి, బెరడు ఇక్కడే ఒలిచి తగలెయ్యాలి. మీరనుకున్న రేటు మాత్రం రాదు. భయపడి అందరూ ఒకేసారి కొట్టిస్తున్నారు, మిల్లులో కాలు పెట్టే చోటు లేదు."

"వచ్చే ఏడు అమ్మితే?" అన్నాడు వడ్రంగి.

"వచ్చే ఏడు నన్ను పిలవకండి. వంటచెరకు వాణ్ణి పిలవండి."

"మరి మెషినో?" అంది నానమ్మ.

వడ్రంగి చివరి దాకా చెట్లన్నీ ఒకసారి చూసుకున్నాడు. ఇంకా లావెక్కాలని వదిలేసిన సన్నవాటి దగ్గర చూపు ఆగింది.

"వాటిని కూడా కొట్టించండి," అన్నాడు.

వ్యాను వెళ్ళిపోయింది. నాన్న తిడతాడేమోనని గువ్వ కదలకుండా నిలబడింది. వడ్రంగి ఉలి ఆమె చేతిలో పెట్టి, బెరడు ఒలిచేందుకు మణికట్టు పట్టుకుని పక్కకు వంచాడు.

"ఇలా ఏటవాలుగా. చెక్కకి గాటు పడిందంటే, ఆ రేటు కూడా రాదు."