క్లాస్ డీలో ఎవరు చూసుకోవాలి

"ఊరికే ఇంట్లో ఉంటావుగా, వాడికి కాస్త చదివి వినిపించరాదూ," అంటూ అత్తగారు లక్ష్మీనరసమ్మ చిక్కుడుకాయల పళ్లెం పక్కన ఒక లావు పుస్తకం పెట్టి వెళ్లింది. అప్పటికి నాగవల్లి ఇద్దరికి క్యారేజీలు కట్టి, మామగారికి ఉప్పు లేని కూర వేరే వండి, రెండు బకెట్ల బట్టలు ఆరేసి, అప్పుడే కూర్చుంది. ఊరికే ఉండటమంటే బీరంగూడలోని ఆ ఇంట్లో అదే.

పుస్తకం మరిది మధుబాబుది. పైలట్ ట్రైనింగ్‌లో చేరాడు గానీ, ఎయిర్ రెగ్యులేషన్స్ పేపరు రెండుసార్లు తప్పాడు. నాగవల్లి ఇంద్రేశం రైతుల పిల్ల. మ్యాథ్స్‌లో డిగ్రీ చేసి, పటాన్‌చెరులో ఒక ప్రైవేటు బళ్లో లెక్కలు చెప్పేది. అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు, "నాలుగు నెలలు మానెయ్యి, మళ్లీ చేరుదువు," అన్నాడు భర్త ప్రవీణ్‌కుమార్. ఆ నాలుగు నెలలూ ఐదేళ్లయ్యాయి. ఆ సంగతి మళ్లీ అతనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ చదవడం మొదలుపెట్టింది. ఆకాశాన్ని ఏ నుంచి జీ దాకా ఏడు తరగతులుగా విడగొట్టారట. క్లాస్ ఏలోకి కంటిచూపుతో నడిపే విమానాలను అసలు రానివ్వరు. క్లాస్ జీలో ఎవరి అనుమతీ అక్కర్లేదు. మధ్యలో ఒక్కోదానికి ఒక్కో పద్ధతి. ఎక్కడ రేడియోలో అడగాలి, ఎక్కడ అడక్కుండా వెళ్లొచ్చు, ఎవరిని ఎవరికి దూరంగా ఉంచుతారు. పొయ్యి మీద పప్పు మాడింది. అత్తగారు అన్నది ఆమె చెవిన పడలేదు. చాలా రోజుల తర్వాత బుర్ర తన పని తను చేసుకుపోతోంది, ఆమె పక్కన నిలబడి చూస్తున్నట్టుంది.

పాత క్యాలెండర్ కాగితాల వెనక పట్టికలు గీసింది. మధు వాటికి ఫొటోలు తీసి, 'నా నోట్స్' అని ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టుకున్నాడు. అదీ ఆమె చూసింది. మూడోసారి అతను పాసయ్యాడు.

ఆ సంబరానికి మధ్యాహ్నం భోజనానికి అతని మాస్టారు సోమయ్యను పిలిచారు. ముప్పై ఏళ్లు కంట్రోల్ టవర్‌లో పనిచేసి రిటైరై, పటాన్‌చెరులో కోచింగ్ నడుపుతున్న మనిషి. మామగారు కామేశ్వరరావు గర్వంగా, "వచ్చే వారం మావాడు ఒంటరిగా విమానం ఎక్కుతాడు. భయంలేదు కదరా?" అని అడిగాడు.

"భయమెందుకు నాన్నా? మేం ఎగిరేది క్లాస్ డీలో. వేరే విమానం ఏదీ నా దగ్గరికి రాకుండా టవరే చూసుకుంటుంది," అన్నాడు మధు.

నాగవల్లి చేతిలో సాంబారు గిన్నె ఉంది. మాట్లాడాలని అనుకోలేదు. కానీ వచ్చే వారం వీడు ఒక్కడే పైన ఉంటాడన్న సంగతి గుర్తొచ్చింది.

"గట్ల కాదు మధు. టవర్ అనుమతి ఇస్తది, పక్కన ఎవరున్నరో చెప్తది. కంటిచూపుతో నడిపేటోళ్లను దూరం దూరం ఉంచే పని దానిది కాదు. సూసుకొని తప్పుకోవాల్సింది నువ్వే."

ఐదేళ్లుగా ఈ ఇంటి మాటకు తగ్గట్టు దిద్దుకుంటున్న యాస ఒక్కసారిగా బయటికొచ్చింది. అత్తగారి ముఖం ముడుచుకుంది. ప్రవీణ్ నవ్వేశాడు. "నువ్వేమన్నా విమానం నడుపుతావా వల్లీ? సాంబారు వెయ్యి."

సోమయ్య విస్తట్లో చెయ్యి ఆపాడు. "ఆమె చెప్పిందే కరెక్టు. మధూ, ఈ ముక్క తెలియకుండా నిన్ను ఒంటరిగా పంపరు, నేను మీ ఇన్‌స్ట్రక్టర్‌తో మాట్లాడతా." తర్వాత ఆమె వైపు తిరిగి, "నీకెవరు చెప్పిండ్రమ్మా?" అని అడిగాడు.

"ఎవలూ చెప్పలే సార్. చదువుకున్న."

"మా క్లాసు పిల్లల ఫోన్లల్ల చూసిన, ఆ క్యాలెండర్ కాగితాల మీది పట్టికలు..."

"నావే."

మధు తల ఎత్తలేదు. సోమయ్య, "ఆదివారం బ్యాచ్‌కు చెప్పే మనిషి లేక పరేషాన్ అవుతున్న. జీతం ఇస్త. వస్తవా?" అన్నాడు.

"దానికి తీరికెక్కడిదండీ," అంది లక్ష్మీనరసమ్మ. "ఈ యాసలో చెప్తే పిల్లలు నవ్వుతారు సార్," అన్నాడు ప్రవీణ్. ఇద్దరూ ఆమె తరఫునే మాట్లాడారు. ఆమె అక్కడే, వాళ్ల మధ్యలోనే నిలబడి ఉంది. కోపం వస్తుందేమోనని లోపల వెతికింది. రాలేదు. ఎటు వెళ్లాలో మాత్రం స్పష్టంగా కనబడింది.

గిన్నె బల్ల మీద పెట్టింది. "ఎన్ని గంటలకు రావాలె సార్?"

ఆ రాత్రీ, మర్నాడూ చాలా మాటలు నడిచాయి. ఆదివారం పొద్దున వంటెవరు చేస్తారని అత్తగారు అడిగింది. "నేను చెయ్య," అంది నాగవల్లి. అంతకుమించి వాదించలేదు. శనివారం మధు ఒక్కడే వచ్చి, "సారీ వదినా," అన్నాడు. "నాకు కాదు, మీ ఫ్రెండ్స్‌కు చెప్పు నోట్స్ ఎవరివో," అంది. చెప్పాడో లేదో ఆమె కనుక్కోలేదు.

ఆదివారం తొమ్మిదింటికి మెట్లెక్కి క్లాసులోకి వెళ్లింది. పదకొండు మంది ఉన్నారు, ఒక్కతే ఆడపిల్ల. పేరు తనుశ్రీ. సుద్దముక్క అందుకోగానే ముందు బెంచీలోని కుర్రాడు తల పక్కకు వంచి, "మేడమ్, మీరు పైలటా?" అని అడిగాడు. వెనక ఇద్దరు నవ్వారు. తనుశ్రీ మాత్రం పెన్ను పట్టుకుని ఆమె ముఖంలోకే చూస్తోంది.

"కాదు," అంది నాగవల్లి. "మీ టీచర్‌ని. రాసుకోండ్రి."