పదకొండో దెబ్బ

శ్రావణ్ పోయిన నలభై రోజులకు నాగేందర్ ఫోన్ చేసి బోధన్ రమ్మన్నాడు. నేను నిజామాబాద్‌లో లెక్కల టీచర్‌ని. పన్నెండేళ్ల క్రితం మేం ముగ్గురం ‘పిప్పి’ అనే మెటల్ బ్యాండ్ నడిపాం. నాగేందర్ గిటార్, నేను బాస్ గిటార్, శ్రావణ్ డ్రమ్స్. ఒక్క ఆల్బమ్ తెచ్చాక నాకు ఉద్యోగం వచ్చింది, అంతా ఆగిపోయింది. మొన్న దసరా సెలవుల్లో కలిసి రెండోది మొదలుపెట్టాం. డ్రమ్స్ రికార్డయ్యాయి. మా ఇద్దరి వాయింపు మిగిలి ఉండగానే శ్రావణ్ గుండె ఆగింది.

నాగేందర్‌కు పంపుసెట్ల దుకాణం ఉంది. దాని మీది గదిలో, గోడలకు పాత పరుపులు కట్టి, మేం వాయించేవాళ్లం. చివరి పాట పెట్టాడు. పద్నాలుగు నిమిషాల పాట. పదకొండు దెబ్బలు పూర్తయితేనే మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. తొమ్మిదో నిమిషం దాటాక, “ఈడ లెక్కపెట్టు పంతులూ,” అన్నాడు.

పెట్టాను. పదే ఉన్నాయి.

“ఆఖరి దాకా గిట్లనే శానసార్లు తప్పిండు. నా గిటార్ కూసుంటలేదు. వానికి లెక్క తప్పుడు నేనెన్నడు సూడలే.” పాట ఆపాడు. “హైదరాబాద్ స్టూడియోల మిషన్ డ్రమ్స్ పెడ్తమంటుండ్రు. వీనిది తీసేసి.”

“తీసెయ్యొద్దు.”

“మరి తప్పు గట్లనే ఇడుస్తమా? పిల్లల పేపర్ల అర మార్కు ఇడ్వవు నువ్వు.”

నేను కాగితం తీసుకుని పాటలోని వరుసలన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టి రాశాను. రెండు గంటలు పట్టింది. పది వచ్చిన చోటల్లా కింద గీత గీశాను. అక్కడ మేమూ పదే వాయిస్తే పాట కుదురుతుంది. నాగేందర్ కాగితం చూశాడు.

“పన్నెండేండ్లకు ఆల్బమ్ తెచ్చుడు. అది గూడ తప్పులు బట్టీపట్టి.” నవ్వబోయి ఆగిపోయాడు. “సరే. వాని పెండ్లాం గూడ ఒప్పుకోవాలె గదా, సుకన్యను అడుగుదాం. నువ్వే అడుగు, నీ మాటంటే ఆమెకు గురి.”

అతనికి నేనొకటి చెప్పలేదు. గీత గీసిన ప్రతిచోటా, దెబ్బ పడవలసిన క్షణంలో, శ్రావణ్ ఊపిరి లాక్కున్న చప్పుడు ఉంది. అది నాకు రికార్డు చేసిన రోజే తెలుసు. నాగేందర్ కింద దుకాణంలో ఉన్నాడు, నేను ఎదురుగా కూర్చుని వేళ్ల మీద లెక్కపెడుతున్నాను. అంతకుముందే శ్రావణ్, “రేపు చేద్దాం రా, ఒంట్ల బాగ లేదు,” అన్నాడు. రేపు బడి తెరుస్తారు, ఈ ఒక్కటీ అయిపోనీ అన్నాను. పాట అయ్యాక తువ్వాలతో మొహం తుడుచుకుంటూ, “కరెక్టే వచ్చిందా?” అని అడిగాడు. వచ్చిందన్నాను.

సుకన్య ఆచన్‌పల్లిలో, ఇంట్లోనే స్కూలు యూనిఫారాలు కుడుతుంది. మిషను ఆపి, నా ఫోన్ తీసుకుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. మిషన్ డ్రమ్స్ మాట చెప్పి, నేను ఆ చోటు నుంచే వినిపించాను. కాసేపటికి ఒక చెవిది తీసింది.

“ఏమైందన్నా ఈడ?”

“ఊపిరి అందలేదు.”

“గప్పుడే తెలుసా నీకు?”

“తెలుసు.”

“నాకెందుకు చెప్పలే?”

బడి తెరిచే రోజు సంగతి చెప్పాను. చెబుతుంటేనే అదెంత చిన్న కారణమో తెలిసింది. ఆమె ఏడవలేదు. సగం కుట్టిన చొక్కాను మడత పెట్టింది.

“గా దినానికీ ఆయన పోయినదానికీ నడుమ పదిహేను దినాలు అన్నా. దవాఖానకు తోల్కపోతుంటి.”

నేను లేచాను. గుమ్మం దాకా వచ్చి ఆమే అంది.

“మిషన్‌ది పెట్టకుండ్రి. ఆయన కొట్టిందే ఉంచుండ్రి. నువ్వు మాత్రం మల్ల మా ఇంటికి రాకు.”

దుకాణానికి వచ్చేసరికి నాగేందర్ బయటే నిలబడి ఉన్నాడు.

“ఏమన్నది?”

“ఒప్పుకుంది.”

“నేను అనుకున్న. రేపు ఐతారమే గదా, నీ బాస్ ఎక్కిద్దాం ముందుగాల.” షట్టర్ దించుతూ అన్నాడు. “ఆల్బమ్ రాంగనే ఇద్దరం పోయి ఆమెకు ఇచ్చొద్దాం.”

“నువ్వు పోయి రా,” అన్నాను.