పొలిమేర గుర్రం

మా ఇంటాయనకు కల్లు అలవాటు లేదు, పేకాట లేదు, బీడీ కూడా లేదు. ఉన్నదల్లా విరిగిన బొమ్మ గుర్రాల పిచ్చి. దీనికంటే రోజూ తాగొచ్చి తిట్టే మొగుడే నయమని నేను ఏడ్చుకున్న రోజు ఒకటి వచ్చింది.

ఆయన పేరు రామచంద్రం. మెట్‌పల్లికి నడిచి పోయి రాగలిగిన దూరంలో మా ఊరు. మగ్గం మాకు అన్నం పెట్టేది. మగ్గం మీద పోగు తెగితే పిలిచి పిలిచి నా గొంతు పోవాల్సిందే గానీ, ఎవరింట్లోనైనా చెవి విరిగిన గుర్రమో తోక ఊడిన కోతో ఉందంటే తిండి మాని పరుగెత్తేవాడు. చీరలమ్మడానికి నిర్మల్ పోయినప్పుడల్లా అక్కడ బొమ్మలు చేసేవాళ్ల అరుగు మీద కూర్చుని ఆ పని నేర్చుకున్నాడు. చింతగింజలు నానబెట్టి రుబ్బి, అందులో రంపపు పొట్టు కలిపి ముద్ద చేస్తాడు. విరిగిన చోట ఆ ముద్ద పెట్టి, ఆరబెట్టి, నున్నగా రుద్ది రంగు వేస్తే, అతుకు ఎక్కడుందో దేవుడికి కూడా తెలియదు. పోనీ అమ్ముతాడా అంటే అదీ లేదు. గోడ గూట్లో పెట్టుకుని, పెళ్లికూతుర్ని చూసినట్టు చూసుకుంటాడు.

పోలీస్ యాక్షన్ అయిన నాలుగైదేళ్లకు, ఒక వానాకాలం, నిర్మల్ నుంచి వస్తూ ఒక గుర్రాన్ని భుజం గుడ్డలో చుట్టి తెచ్చాడు. జానెడు ఉంటుంది. ముందుకాలు ఒకటి లేదు. ఊరి పొలిమేరలో, వాగు ఒడ్డున తంగేడు పొదలో దొరికిందన్నాడు.

"సూడే, గిది గడీల దొరబిడ్డలు ఆడుకున్న గుర్రం. గిసొంటి మెడ ఇప్పుడు ఎవలు చెక్కుతలేరు."

"కాళ్ల కింద గా బొక్కలేంది?" అన్నాను.

"చక్రాల బండి మీద మేకులు కొట్టి నిలవెట్టి ఉంటరు. గది గాదు, గీ చెవుల సూడు. పసుపుపచ్చ రంగు. ఎంత పాతదో. ఇయ్యాల నిర్మల్ల గూడ గీ రంగు దొరకది."

ఆ రంగుకు సరిపోయే రంగు కోసం ఎంత తిప్పలు పడ్డాడో చెప్పలేను. ఏవేవో నూరాడు, కలిపాడు, చెరిపాడు. కొత్త కాలు చెక్కి అతికించి, కాళ్ల కింది బొక్కలు పూడ్చాడు. చెవులకూ జీనుకూ అదే పసుపుపచ్చ వేశాడు. గుర్రం నిజంగానే ముద్దుగా తయారైంది. మా లస్మి అప్పుడు ఐదేళ్లది. దాన్ని వదిలేదా? పక్కలో పెట్టుకుని పడుకునేది, దాని చెవి నోట్లో పెట్టుకుని చీకేది. విరిగిపోతుందని ఆయన పిల్లమీద కోపం చేస్తే, బొమ్మ ఎక్కువా బిడ్డ ఎక్కువా అని నేనే ఆయన నోరు మూయించాను.

ఆ వారంలోనే ఊళ్లో డప్పు చాటింపు వేశారు. పైనున్న ఎర్రగుంటపల్లెలో గత్తర సోకిందనీ, ఎవరూ అటు పోవద్దనీ, పొలిమేర అవతలి నుంచి ఏ వస్తువూ ఊళ్లోకి తేవద్దనీ చెప్పారు. దారులకు అడ్డంగా వేప తోరణాలు కట్టి, కర్రలిచ్చి మనుషుల్ని కాపలా పెట్టారు. గత్తర అంటే మాకు తెలియనిదా? పొద్దున వాంతులు, బేదులు పట్టుకుంటే పొద్దుగూకేసరికి మనిషి ఉండడు. మా అత్తమ్మను అట్లాగే సాగనంపాం.

మరునాడు గాజుల కిష్టవ్వ మా అరుగు మీద కూర్చుంది. మా ఊరిదే. చుట్టుపక్కల ఊర్లన్నీ తిరిగి గాజులమ్ముతుంది, ఏ ఊరి కబురైనా ముందు దానికే తెలుస్తుంది. నా చెయ్యి పట్టుకుని గాజులు ఎక్కిస్తూ చెప్పింది.

"ఎర్రగుంటపల్లెల పీనుగులు ఎత్తెటోళ్లు లేరు, చెల్లె. మొన్నటి వానల కన్న ముందే గత్తర తల్లిని ఊరు దాటిచ్చి సాగనంపిన్రట. సిన్న బండి జేసి, తల్లిని కూసోవెట్టి, పసుపు కుంకుమ వోసి, మన పొలిమేరల ఇడిసిపెట్టిపోయిన్రు."

"మన పొలిమేరలనా?"

"మరి ఆళ్లూరు దాటాలె గద. దాటితే మనదే. బండికి ఎడ్లను జేసే తీరిక యాడిది? గడీల మూలకు పడ్డ కుంటి గుర్రం ఉంటే, చెవులకు పసుపు రాసి, కాళ్లకు మేకులు కొట్టి కట్టిన్రట. గా బండి వాగు వరదల కొట్టుకపోయిందంటున్రు. పోవుడే మంచిదైంది. ఎవలన్న ఇంట్లకు తెస్తే ఊరు ఊరంత ఖాళీ. అవుతల ఓ ఊర్ల ఎవడో బండి మీది గుడ్డ తెచ్చుకుంటే, కట్టేసి సావగొట్టిన్రు."

నా చేతికెక్కుతున్న గాజు పుటుక్కున విరిగింది. గడప దగ్గర లస్మి గుర్రం చెవి చీకుతూ కూర్చుంది.

"ఏదే బిడ్డ, గుర్రమా? ఇటు తే," అంది కిష్టవ్వ. దాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, "మంచిగ జేసిండు మీ బాపు. నాలుగు కాళ్లు ఎంత సక్కగున్నయ్," అని తిరిగి ఇచ్చేసింది. కుంటిదై ఉంటే అప్పుడే దొరికిపోయేవాళ్లం. ఆయన చేతిపని మమ్మల్ని కాపాడింది. ఆ చేతిపనే మా కొంప ముంచింది కూడా.

కిష్టవ్వ పోగానే ఆయనకు చెప్పాను. అరవడానికి కూడా లేదు, గోడకవతల మనుషులు. నోట్లో కొంగు కుక్కుకుని చెప్పాను. గుర్రాన్ని తీసుకుని, చెవిలో గోరుతో గీకి, వాసన చూశాడు.

"పసుపే," అన్నాడు. "నేను రంగనుకున్న."

"నీ రంగు పాడుగాను. నీ కండ్లు ఏడవోయినయ్?"

మూలనున్న బాడిస తీసి ఎత్తాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. తల్లి బండి లాగిన గుర్రాన్ని నరికితే తల్లిని నరికినట్టే. ఆ పాపం ఇంకెవరి మీద పడుతుంది? లోపల ఆడుకుంటున్న బిడ్డ మీదే.

తెల్లారేసరికి లస్మికి వాంతులు మొదలయ్యాయి.

ఆ పొద్దు ఎట్లా గడిచిందో నన్ను అడగొద్దు. పిల్ల కళ్లు లోపలికి పోయాయి. గంజిలో ఉప్పు వేసి తాగిస్తే తాగింది తాగినట్టే కక్కింది. ఎవరినైనా పిలుద్దామంటే గత్తరని తెలుస్తుంది. తెలిస్తే ఎక్కడినుంచి వచ్చిందని అడుగుతారు. ఆయన పిల్ల కాళ్లు రుద్దుతూ, "నేను తెచ్చిన, నేనే తీస్కపోత," అన్నాడు.

"నువ్వు పొలిమేర దిక్కు పోతే ఎవలన్న ఊకుంటరా? బొమ్మల రామచంద్రం చంకల ఏమున్నదో సూడకుంట ఇడుస్తరా? నువ్వు పిల్లకాడ కూసో."

పంపిన తల్లి వెనక్కి పోదు, ముందుకే పోవాలి. మాకు ముందున్న ఊరు మోతెకుంట. అక్కడ విడిచిపెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా రావాలి. తిరిగి చూస్తే వెంట వస్తుందంటారు. అందరూ చేసేదే. ఎర్రగుంటపల్లె వాళ్లు మాకు చేశారు, మేము మోతెకుంటకు చేస్తాం. నా బిడ్డ బతకాలి, అంతే. అంతకుమించి నేనేమీ ఆలోచించలేదు.

గుర్రాన్ని గంపలో పెట్టి, పైన పాత గోనెసంచి కప్పి, కొడవలి పెట్టుకుని మిట్టమధ్యాహ్నం బయలుదేరాను. తోరణం దగ్గర రాయమల్లు కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

"యాడికి, వదినె?"

"గడ్డికి."

"అన్న కొత్త గుర్రం జేసిండటగద. మా పిల్లగాడు సూస్తనని ఒక్కటే లొల్లి."

"తోలియ్యి... రేపు," అన్నాను. నెత్తి మీద గంప వణుకుతోందని అతనికి కనబడుతుందేమోనని చెయ్యెత్తి గట్టిగా పట్టుకున్నాను. అతను తోరణం పైకెత్తాడు.

మోతెకుంట పొలిమేర రాయి దాటి, ఒక చదును బండ మీద గుర్రాన్ని పెట్టాను. కొంగున కట్టుకొచ్చిన పసుపు దాని ముందు పోసి, "తల్లీ, నా బిడ్డను ఇడిసిపెట్టు. ముందుకు పో," అని మొక్కాను. తిరిగి నడిచాను. పరుగెత్తకూడదని పళ్లు బిగపట్టి నడిచాను.

వెనక చిన్నపిల్ల గొంతు వినిపించింది.

"నానవ్వా, గుర్రం. గుర్రం దొరికింది."

తిరిగి చూడకూడదు. నాలుగడుగులు వేశాను. అయిదో అడుగు పడలేదు. ఎర్రగుంటపల్లె వాళ్లు వదిలింది కుంటి గుర్రాన్ని, పసుపు పూసిన దాన్ని. దాన్ని చూస్తే ఏ పిల్లైనా జడుసుకుంటుంది. నేను వదిలింది నాలుగు కాళ్ల ముద్దుల గుర్రాన్ని. ఏ పిల్ల ముట్టుకోకుండా పోతుంది?

తిరిగి చూశాను. మేకలు కాసే పిల్ల. లస్మి అంతే ఉంటుంది. గుర్రాన్ని రెండు చేతులా హత్తుకుని ఉంది. దాని చెవి అప్పటికే నోటి దాకా పోయింది.

ఎట్లా పరుగెత్తానో తెలియదు. లాక్కున్నాను. పిల్ల వదలలేదు, గుంజి లాక్కున్నాను. పిల్ల చేతికి అంటిన పసుపును నా కొంగుతో తుడిచాను, మూతి తుడిచాను. అది జడుసుకుని గుక్కపట్టి ఏడ్చింది. చేనులోంచి వాళ్ల నానమ్మ లేచి వచ్చింది.

"ఎవతివే నువ్వు? పసిపిల్ల చేతిల బొమ్మ గుంజుకుంటవా? నీకు పిల్లలు లేరా?"

ఏం చెప్పను? చెప్తే రెండు ఊర్లూ నన్ను కొడతాయి. "గిది మాది," అన్నాను. అది మాత్రం నిజం. దొంగముండ అని తిడుతూ ఆమె మట్టిబెడ్డ విసిరింది, వీపుకు తగిలింది. పడాల్సిందే అనుకుని గుర్రాన్ని గంపలో పడేసి, దొరికిన గడ్డి కోసి పైన కప్పి వెనక్కి వచ్చాను.

మా పొలిమేర తోరణం కనబడేసరికి ఆగిపోయాను. మా ఇంటాయన తెలియక తెచ్చాడు. తెలియని వాడి మీద తల్లి దయ చూపిస్తుందేమో. నేను తెలిసి తెస్తున్నాను. పైగా తిరిగి చూశాను కూడా. లోపల నా బిడ్డ ఉంది, ఊరంతా ఉంది. బయట పెడితే ఎవరి బిడ్డో ముట్టుకుంటుంది. వాగులో వేస్తే ఎక్కడో తేలి, ఏ పిల్లకో దొరుకుతుంది. మా ఇంట్లో, నా కళ్ల ముందు ఉంటేనే ఎవరూ ముట్టుకోరు. ఇంక దారి లేదు.

"అవుతలికెళ్లి ఏం తెస్తలేవు గద, వదినె?" అన్నాడు రాయమల్లు.

"గడ్డే," అన్నాను. అతను కర్రతో గడ్డిని ఒకసారి పొడిచాడు. కర్ర దేనికో తగిలి టక్కుమంది.

"కొడవలి," అన్నాను.

పోనిచ్చాడు. కొడవలి నా చేతిలోనే ఉంది. అతను చూడలేదు.

ఇంట్లో లస్మి కళ్లు మూసుకుని పడుకుంది. పెదవులు ఎండిపోయాయి. ఆయన నన్ను చూసి, గంప చూసి, లేచి నిలబడ్డాడు.

"మళ్ల తెచ్చినవా?"

"ఆడ గూడ ఓ లస్మి ఉన్నది," అన్నాను. ఆయన గూట్లోని తన బొమ్మలన్నీ తీసి గోనెసంచిలో వేసి, గూడు ఖాళీ చేశాడు. ఆ తొందరలో ఒక కోతి కిందపడి తోక విరిగింది. తిరిగి చూడనైనా లేదు.

గుర్రాన్ని ఆ గూట్లో పెట్టాను. పసుపు రాసి బొట్టు పెట్టాను. ఇంట్లో ఉన్న కాస్త అన్నంలో మజ్జిగ కలిపి, ఆ సల్లబువ్వను ఆకులో పెట్టి దాని ముందు ఉంచాను. నాకు మంత్రాలు రావు.

"తల్లీ, నిన్ను ఏ ఊరు ఉంచుకోలే. అందరు ముందటికే నూకిన్రు, నేను గూడ నూకిన. ఇగ నిన్ను నూకను. ఈడనే ఉండు. పెట్టింది తిను. నా బిడ్డ జోలికి రాకు. కావాలంటే నన్ను తీస్కపో."

గూటికీ పిల్లకూ నడుమ కూర్చున్నాను. గుర్రం వైపు చూస్తే భయం, చూడకపోతే ఇంకా భయం. వీధిలో ఎవరి అడుగు చప్పుడైనా రాయమల్లే వస్తున్నాడనిపించింది. ఆయన చెమ్చాతో ఉప్పుగంజి పోస్తూనే ఉన్నాడు. కక్కితే తుడిచి మళ్లీ పోశాడు. ఆ తర్వాత కక్కడం తగ్గింది. తగ్గిందని సంతోషపడాలో, ఒంట్లో ఏమీ మిగల్లేదని భయపడాలో తెలియలేదు.

పొద్దువాలే వేళ నా కొంగు ఎవరో లాగారు. అరిచాను.

లస్మి. కళ్లు తెరిచి గూట్లోకి చూస్తోంది.

"అవ్వా, గుర్రానికే పెడ్తవా బువ్వ? నాకు పెట్టవా?"

ఇంట్లో ఇంకో ముద్ద లేదు. తల్లి ముందు పెట్టిన ఆకులోంచే తీసి బిడ్డ నోట్లో పెట్టాను. అది నమిలి మింగేదాకా ఊపిరి తీసుకోలేదు. మింగి, మళ్లీ నోరు తెరిచింది. ఆకులోంచి ఇంకో ముద్ద తీశాను.